డెమో లాయరు

మదనపల్లె కోర్టు ఎదుట టీ కొట్టు దగ్గర, నల్లకోటు మోచేతికి వేసుకుని, ఫోను చెవికి అదుముకుని, "రీఫండు సంగతి రాతపూర్వకంగా ఇస్తారా, ఇవ్వరా? ఒక్క మాట చెప్పండి" అని గద్దిస్తున్న కుర్రవాడు కనబడితే, వినియోగదారుల కేసేదో పట్టాడనుకునేరు. అదేం కాదు. ఆయన బార్ పరీక్షకు కోచింగ్ ఎంచుకుంటున్నాడు. అటువైపు అమ్మాయి ఓపిక నశించి, "సార్, మీరు లాయరా?" అని అడుగుతుంది. "ప్రొవిజనల్" అంటాడు, గొంతు కాస్త తగ్గించి.

పేరెందుకు లెండి. పుంగనూరు కోర్టులోనూ ఈయనే ఉంటాడు, కుప్పం కోర్టులోనూ ఈయనే ఉంటాడు. డెమో లాయరు అనుకుందాం. ఉచిత డెమో క్లాసుల్లో ఆయన చూడనిది లేదు. డబ్బు కట్టి చూసిన క్లాసు ఒక్కటీ లేదు.

ఇంతకీ ఆ పరీక్షేమైనా కొరుకుడుపడనిదా అంటే, కాదు. 2009-10 విద్యా సంవత్సరం నుంచి లా పూర్తి చేసి ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లంతా ఆలిండియా బార్ ఎగ్జామ్ రాయాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన నిబంధన ఇది. మొదటి పరీక్ష 2011 మార్చి 6న జరిగింది. నూరు ప్రశ్నలు, అన్నీ టిక్కు పెట్టేవే. తప్పు రాస్తే మార్కు కోయరు. తెలుగులోనే రాసుకోవచ్చు. బేర్ యాక్టులు పక్కనే పెట్టుకోవచ్చు, వాటిలో నోట్సు, వ్యాఖ్యానాలు లేకుంటే చాలు. 45 వస్తే పాసు, ఎస్సీ ఎస్టీలకైతే 40. ప్రొవిజనల్‌గా ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లు గడువు. చట్టం తెలిసినవాడికి ఇంతకంటే మెతగ్గా ఏ పరీక్ష పెడతారు? కానీ డెమో లాయరుకు చదవడం రెండో మెట్టు. మొదటి మెట్టు ఎంపిక. ఆ మెట్టు మీదే ఆయన తీరిగ్గా కూర్చున్నాడు.

ఆయన ఫైలు నేను చూశాను. దావాలు రాసే ఆకుపచ్చ లెడ్జరు కాయితం మీద స్కేలుతో గళ్లు గీశాడు: ఫీజు, వ్యాలిడిటీ, మాక్ టెస్టులు, సారు గొంతు. చివరి గడిలో "నిద్ర వస్తుంది", "అరుస్తాడు", "హిందీ ఎక్కువ, నవ్వు ఎక్కువ" అని ముత్యాల్లాంటి అక్షరాలు. కింద సిలబస్ లెక్క. రాజ్యాంగానికి 10 మార్కులు, సివిల్ ప్రొసీజరుకు 10, సాక్ష్యానికి 8, పన్నులకు 4, కంపెనీ లాకు రెండే రెండు. "ఈ రెండు మార్కులకు ఒకాయన పన్నెండు గంటల వీడియో ఇచ్చినాడన్నా. ఇంగొకాయన గంటన్నరలో తేల్చేసినాడు. వీళ్లలో మోసం ఎవురిదో తేలాల కదా!" అన్నాడు. తేల్చడానికి రెండు డెమోలూ మళ్లీ చూశాడు. ఆ సమయంలో కంపెనీల చట్టం రెండుసార్లు తిరగేయొచ్చు. ఆ మాట అనలేదు నేను, టీ ఆయనే ఇప్పిస్తున్నాడు.

పుంగనూరు సీనియర్లకు ఈ గొడవ బొత్తిగా అర్థం కాదు. వాళ్లంతా ఈ నిబంధన రాకముందే కోటు తొడిగినవాళ్లు. "మా కాలంలో పరీచ్చ యాడుంది నైనా? కోటు కుట్టించుకుంటే లాయరే" అని ఒకాయన తేల్చిపారేశారు. మనవాడు ఆ మాటనూ ఫైలులో రాసుకున్నాడు, "ఉచిత సలహా" అనే శీర్షిక కింద.

కుప్పంలో కథ ఇంకా ముదురుతుంది. మూడు రాష్ట్రాలు కలిసేచోట ఎంపిక కూడా మూడింతలు. తమిళనాడు వైపు చదివిన స్నేహితుడొకటి చెబుతాడు, కేజీఎఫ్‌లో లా చదివినవాడు ఇంకొకటి చెబుతాడు. మనవాడు పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో ఆదివారం డెమోకు వెళ్లొచ్చాడు. అక్కడ సంచీ, పెన్ను, భోజనం ఉచితం. ఆ భోజనానికి లెడ్జరులో కొత్త గడి గీయాల్సి వచ్చింది.

ఒకసారి మాత్రం నిజంగానే డబ్బు కట్టబోయాడు. వేలు ఫోను మీద పెట్టాడు కూడా. అంతలో 2024 జులై 1 వచ్చింది, కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల బీఎన్‌ఎస్ వచ్చింది. హత్యకు 302 పోయి 103 వచ్చింది, మనందరి నాలుకల మీద ఆడే 420 కాస్తా 318 అయింది. కోర్టులో అందరూ తలలు పట్టుకుంటే మనవాడి మొహం వెలిగిపోయింది. "చూస్తివా అన్నా, తొందరపడి చేరింటే మునిగిపోయుందును!" పాత లెడ్జరు కట్ట కట్టేసి కొత్తది మొదలుపెట్టాడు.

ఆయన సలహాకు మాత్రం గిరాకీ ఉంది. పుంగనూరు నుంచి మదనపల్లెకు రోజూ బస్సులో వచ్చే జూనియరమ్మాయి ఒకసారి "ఏది మంచిదన్నా?" అని అడిగింది. భోజన విరామమంతా చెప్పాడు. ఆ అమ్మాయి అంతా విని, బేర్ యాక్టులూ పాత ప్రశ్నపత్రాలూ కొనుక్కుని, బస్సులో చదువుకుని పాసైపోయింది. "నా గైడెన్సే" అని ఈయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆయన చెప్పింది విన్నాకే కదా, కోచింగే వద్దని ఆమెకు తోచింది!

చివరకు గడువు తరుముకొచ్చి, ఎక్కడా చేరకుండానే పరీక్షకు వెళ్లాడు. ఏరి కోరి కొన్న పుస్తకంలో ప్రతి సెక్షన్ కిందా వ్యాఖ్యానం ఉంది, దాన్ని గేటు దగ్గరే ఆపేశారు. అయినా పాసయ్యాడు! ఎలాగంటే, ఏ కోచింగ్ వాళ్లయినా డెమోలో చెప్పేది రాజ్యాంగమే, అందులోనూ ఆర్టికల్ 21. అదే పాఠం ఇన్ని గొంతుల్లో విన్న మనిషి దేశంలో ఇంకొకడు ఉండడు. ఆ పది మార్కులూ కళ్లు మూసుకుని కొట్టాడు. మిగతావి కూడా కళ్లు మూసుకునే కొట్టాడు, కోత లేదు గనక.

ఫలితాలు వచ్చిన వారానికి మూడు కోచింగ్ సెంటర్ల విజేతల పోస్టర్లలో ఆయన ఫోటో పడింది. డెమోకు రిజిస్టర్ చేసుకున్నప్పుడు ఇచ్చిన ఫోటోయే. నేనైతే నోటీసు పంపుతాడనుకున్నాను. ఆయన మూడు పోస్టర్లూ ఫోనులో పక్కపక్కన పెట్టుకుని, ఎవరు పెద్దదిగా వేశారో కొలుస్తున్నాడు. ఇప్పుడు గురి జూనియర్ సివిల్ జడ్జి పోస్టు మీద. దానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కుర్రలాయర్లు చాలామంది ఉసూరుమన్నారు. ఈయన మాత్రం ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంటు తేదీ నుంచి లెక్కిస్తారని తెలిసి కాస్త నొచ్చుకున్నాడు, కోచింగ్ ఎంచుకోవడానికి మూడేళ్లూ పూర్తిగా దక్కడం లేదని.