బోరుబావీ, నీకు దండం

ఆరున్నర అంగుళాల బెజ్జానివి నువ్వు. దిగుడుబావికి మెట్లున్నాయి, చెరువుకు కట్టా తూమూ అలుగూ ఉన్నాయి. నీకు ఒక కేసింగు పైపు, దాని మీద ఒక మూత, అంతే. అంత చిన్న నోటితో ఇన్ని కోట్లమందికి అన్నం పెట్టింది ఇంకొకటి నాకు తెలియదు. ఈ స్తుతిలో ప్రతి మాటా నిజమే. నిజం కాబట్టే రాయడం కష్టంగా ఉంది.

పైనున్న గంగను కిందికి దింపడానికి భగీరథుడికి ఏళ్ళకేళ్ళు తపస్సు పట్టింది. కిందున్న గంగను నువ్వు ఒక్క రాత్రిలో పైకి తెస్తావు. పొద్దుగూకే వేళకు తమిళనాడు తిరుచెంగోడు బోరుబండి చేలోకి వస్తుంది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచిన పెద్దాయన గుర్తు పెట్టిన చోట డ్రిల్లింగు మొదలవుతుంది. తెల్లటి రాతిపిండి మనుషుల మీదా చెట్ల మీదా కురుస్తుంది. రైతూ, పెళ్ళాం, పిల్లలూ నిద్ర మానుకుని గట్టు మీద కూచుంటారు. పిండి తడిసిందని ఎవరో అరుస్తారు. కాసేపటికి బురదనీళ్ళు ఎగజిమ్ముతాయి. రెండించుల నీళ్ళు పడ్డాయంటే ఆ ఇంట పండగే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురం నేలలో చీనీ తోటలు నిలిచాయంటే, బొంబాయి బండెక్కాల్సిన పాలమూరు మనిషి కొన్నేళ్ళయినా తన మడిలో తానే నాటు వేసుకున్నాడంటే, అది నీ చలవ.

చెరువు కింద సేద్యం అందరికీ సమానంగా సాగిందేమీ కాదు. తూము దగ్గరి పొలాలు పెద్దలవి, చివరి మడి దళితుడిదో మరో బీదవాడిదో. తన వంతు వచ్చేదాకా వాడు చేతులు కట్టుకుని నిలబడాలి. నువ్వు వచ్చి వాడి చేలోనే వాడికి నీళ్ళిచ్చావు. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ ఇవ్వని మర్యాద అది. దాన్ని మరిచి నిన్ను తిట్టేవాళ్ళ మాట నేను వినను.

అయితే ఆ చెరువు ఇంకో పని కూడా చేసేది. నీళ్ళెన్ని ఉన్నాయో కట్ట ఎక్కిన ప్రతి మనిషికీ కనిపించేది. తక్కువైన ఏడు ఎవరు ఎంత మడి తడపాలో ఆయకట్టు రైతులు కూర్చుని తేల్చుకోక తప్పేది కాదు. పూడిక తీయాలన్నా కాలువ బాగుచేయాలన్నా ఇంటికో మనిషి రావాలి. పోట్లాడుకుంటూనే వచ్చేవాళ్ళు. ఆ బాధ నుంచి మమ్మల్ని విడిపించావు. ఎవడి బోరు వాడిది, ఎవడి మోటారు వాడిది. పక్కవాణ్ణి అడగకుండా బతకగల స్వేచ్ఛ ఏ దేవుడూ ఇవ్వలేదు, నువ్విచ్చావు. మేం దాన్ని పూర్తిగా వాడుకున్నాం. చెరువుల్లో తుమ్మలు మొలిచాయి, తూములు విరిగాయి, శిఖం భూముల్లో ప్లాట్ల రాళ్ళు లేచాయి. నిండిన చెరువే నీ ఊట అన్న సంగతి అప్పుడు మాకు పట్టలేదు.

చట్టం కూడా నీ వైపే ఉంది. తన భూమి కిందున్న నీళ్ళను తోడుకునే హక్కు ఆసామిదేనని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఒప్పుకుంది. కింద రాతిపగులు ఎవరి సర్వే నంబరులో మొదలై ఎవరి సర్వే నంబరులో ముగుస్తుందో ఆ చట్టం అడగలేదు. బోరు వేయాలంటే అనుమతి కావాలని 2002లో వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. అర్ధరాత్రి చేలో ఆడే బోరుబండి పక్కన ఏ అధికారి నిలబడతాడు? 2004లో ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరిలో తెలంగాణ దాన్ని ఇరవై నాలుగ్గంటలూ ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుల్లో మునిగిన రైతుకు ఆ కరెంటు ప్రాణం పోసింది, కాదనను. మోటారు ఎప్పుడు ఆపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నీ గుణాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా పొగడవలసింది నీ గుట్టు. లోపల ఎంత మిగిలిందో ఎవరికీ చెప్పవు. అడిగినన్నాళ్ళూ ఇస్తావు, ఒకనాడు పైపులో గాలి వస్తుంది. అప్పుడు రైతు నిన్ను అనుమానించడు, తన లోతును అనుమానిస్తాడు. పక్కవాడు 300 అడుగులు వేశాడు కాబట్టి ఇతను 500 వేస్తాడు. అది చూసి అవతలివాడు 800కు పోతాడు. పాత బోరు వాళ్ళ నీళ్ళే కొత్త బోరు వాళ్ళకు వస్తాయి. ఎండిన బోర్లతోపాటు వడ్డీ మిగులుతుంది. అప్పు చేసి వేసిన బోర్లలో నీళ్ళు పడక ప్రాణం తీసుకున్న రైతుల ఇళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ ఇళ్ళ ముందు నిలబడి నీ గుట్టును పొగడడానికి నాకు నోరు రాదు.

మనది ఎక్కువగా గ్రానైటు నేల. వాననీరు నిలిచేది పైనున్న మెత్తబడ్డ రాతిపొరలో, దాని కిందున్న పగుళ్ళలో. పడిన వానలో అక్కడిదాకా ఇంకేది సుమారు పదోవంతే. లోతుకు పోయినకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, ఉన్న నీరు రాతితో ఏళ్ళతరబడి కలిసి మెలిసి ఉంటుంది, రాతిలోని ఫ్లోరైడు అందులో కరుగుతుంది. ఆ ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్‌ను దేశంలో మొదటిసారి గుర్తించింది మన దగ్గరే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ జబ్బును నువ్వు తేలేదు. కానీ పైనీళ్ళు అయిపోయాక ఇంకా లోతు నుంచి తెచ్చి, ఉన్నదేదో దాచకుండా ఇచ్చావు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్ళు అలా పెరిగాయి. పసిపిల్లలకు ఆ నీళ్ళు తాగించిన తల్లులు కూడా నీకు దండం పెట్టే తాగించారు.

నీ బలం సంగతి ప్రపంచానికి ఈమధ్యనే తెలిసింది. 1993 నుంచి 2010 దాకా లోకమంతా తోడిన భూగర్భ జలం సుమారు 2,150 గిగాటన్నులనీ, ఆ బరువు చోటు మారడంతో భూమి తిరిగే ధ్రువం దాదాపు 80 సెంటీమీటర్లు తూర్పుకు జరిగిందనీ 2023లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. లోకంలో అందరికన్నా ఎక్కువ తోడే దేశం మనది. హిరణ్యాక్షుడు భూమిని చుట్టబెట్టాడన్నది పురాణం. మా ఐదు హెచ్‌పీ మోటార్లు ధ్రువాన్ని జరపడంలో పాలు పంచుకున్నాయన్నది లెక్క.

ఇంత జరిగినా నీ మీద మాట పడనివ్వలేదు మేం. నీళ్ళు చాలకపోతే జనం ఎక్కువయ్యారంటాం. జనం పెరిగిన మాట నిజం. 1951లో 36 కోట్లున్నాం, ఇప్పుడు 140 కోట్లు దాటాం. ఆ పెరిగిన నోళ్ళకు అన్నం అందించినవాటిలో నువ్వు ముందు వరసలో ఉన్నావు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, సగటున ఒక్కో స్త్రీకి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండడానికి కావలసిన 2.1 కన్నా అది తక్కువ. మన ఇళ్ళు ఇద్దరు పిల్లలతో ఆగిపోయాయి. అవే ఇళ్ళ చేలల్లో బోర్లు రెండుతో ఆగలేదు. ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదని 1994లో చట్టం చేసుకున్నాం. ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్ని ఎత్తేసింది. ఎన్ని బోర్లున్నవాడు నిలబడొచ్చో ఏ చట్టమూ ఎప్పుడూ అడగలేదు. హైదరాబాదులో వంద ఫ్లాట్ల మేడ కింద నాలుగు బోర్లు దించి, మార్చికి అవి ఎండితే ట్యాంకరు పిలిపించుకునేవాళ్ళం, నలుగురు పిల్లల్ని కని బిందెతో నీళ్ళు మోసే తల్లిని చూపించి దేశం నిండిపోయిందనడం అన్యాయం. ఆ మాట ఇక నా ఎదుట ఎవరన్నా ఊరుకోను.

నీ గుట్టు విప్పినవాళ్ళు మన రైతుల్లోనే ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 తర్వాత కొన్నేళ్ళు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్ళలో ఒక పని జరిగింది. రైతులే నిర్వహించుకునే భూగర్భ జల పథకం అది. ఊరి రైతులే, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, వాన కొలిచే డబ్బా చూడడం నేర్చుకున్నారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలు ఊరందరికీ కనిపించేలా గోడ మీద రాశారు. వానాకాలం అయ్యాక, రబీ విత్తనం కొనకముందు, ఈ ఏడు భూమిలోకి ఎంత చేరింది, అందరం అనుకున్న పంటలు వేస్తే ఎంత కావాలి అని కూర్చుని లెక్క చూశారు. ఆ లెక్కను పంట నీటి బడ్జెట్ అన్నారు. ఎవరినీ వరి వేయొద్దనలేదు, జరిమానాలు లేవు, మోటార్లకు తాళాలు పడలేదు. అంకె చూశాక కొందరు వరి తగ్గించి తక్కువ తడులతో పండేవి వేసుకున్నారు. అన్ని ఊళ్ళూ మారలేదు. కానీ చాలా ఊళ్ళలో తోడడం వానకు తగ్గట్టు సర్దుకుంది. చెరువు కట్ట మీద కనిపించిన నీరు మళ్ళీ అందరి కళ్ళకూ కనిపించింది, ఈసారి అంకెల్లో. ఇంకుడుగుంటలు తవ్వండి, చెట్లు నాటండి అని ఏళ్ళుగా వింటున్నాం, చేస్తున్నాం, మంచిదే. తోడే లెక్క లేకుండా ఇంకించే లెక్క ఒక్కటే రాసుకుంటే అది సగం ఖాతా.

స్తుతి చివర వరం అడగడం ఆచారం. ఇంకా లోతున నీళ్ళు చూపించమని నేను అడగను. ఇచ్చిందే చాలు. నీ మూత తెరిచి లోపలికి టేపు దించనివ్వు, ఎక్కడ తడిసిందో అందరికీ చూడనివ్వు. పల్లెలో అయితే రబీకి ముందు, నగరంలో అయితే సంక్రాంతి లోపల. ఆ మూతలు ఆసాముల చేతుల్లోనూ అపార్ట్‌మెంటు సంఘాల చేతుల్లోనూ ఉన్నాయి. బోరున్న ప్రతి ఇంటికీ వెళ్ళి, కొలవడానికి ఒప్పించి, ఆ అంకెను నోటీసు బోర్డు మీద తారీఖుతో సహా రాసే మనిషి వీధికి ఒకరు కావాలి. మీ వీధిలో అది ఎవరో మీ సంఘం వచ్చే మీటింగులోనే పేరు తేల్చండి.