లేతుకి మేత

మా రోజుల్లో జర్మనీ మిషను దిగిందంటే, దాన్ని ముట్టుకోకముందు పుస్తకం చదివేవాళ్లెవరని వెతికేవాళ్లం. కుప్పంలో రైలెక్కి బెంగళూరు టూల్‌రూముల్లో చేరిన మాబోటివాళ్లకి జర్మన్ ఎక్కడిది? ఇంగ్లీషే అంతంతమాత్రం. 1950లో మెక్‌గ్రాహిల్ వాళ్లు వేసిన డి వ్రీస్ నిఘంటువు మాకు దిక్కు. అందులో మాట వెతికి, మిషను దగ్గరికిపోయి, ఆ భాగాన్ని తిప్పి చూసి, అప్పుడు ఇంగ్లీషులో రాసుకునేది.

ఇప్పుడేముంది, ఫోనుతో ఫోటో కొడితే తర్జుమా అయిపాయె! మొన్న పుంగనూరు పిల్లోడొకడు మదనపల్లెలో మా ఇంటికొచ్చి ఓ కాగితం పెట్టాడు. "తాతా, లేతుకి మేతేంది?" అంటాడు. పుంగనూరు ఆవుకైతే సరేగానీ లేతుకెందుకురా మేత? జర్మన్ కాగితం చూస్తే 'డ్రైబాకెన్‌ఫుట్టర్' అనుంది. లేతులో పనిముక్కని బిగించిపట్టే మూడు దవడల చక్కు! ఫుట్టర్ అంటే పశువుల దాణా కూడా నిజమే. కానీ దాణా పక్కన దవడలెందుకున్నాయని అడగాలా వద్దా?

కింద ఇంకో ఘోరం. 'ఫెర్‌గ్యూటెన్' అన్నచోట ఉక్కుకి పారితోషికం ఇచ్చారు. ఆఫీసులో ఆ అర్థం చెల్లుతుంది. షాపులో అయితే ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తగుమాత్రం వేడిచెయ్యడం. ఆ రెండో వేడి ఒక్కటే అయితే 'ఆన్‌లాసెన్'. అదే మాట మోటారు దగ్గర చెబితే స్టార్టు చెయ్యమని. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, రైల్లో కన్నడం మాట్లాడే కుప్పమోళ్లకి ఇదేం వింత కాదు.

స్టీలు పేర్లు మరీను. 42సీఆర్‌ఎంఓ4 అని పట్టుకుపోతే పాత స్టీలంగడోడు మొహం చూస్తాడు. ఈఎన్ 19 అంటే దాని దగ్గరి రకం తీసిస్తాడు. ఆ 42 ఏమిటంటే నూటికి 0.42 వంతు కార్బను.

ఇవన్నీ నవ్వి ఊరుకోవచ్చు. నాకు ఒళ్లు మండేది అంకెల దగ్గర. జర్మన్లు దశాంశానికి కామా పెడతారు, వేలకి చుక్క పెడతారు. 0,02 మిల్లీమీటర్లంటే ఇరవై మైక్రాన్లు. 1.250 అంటే పన్నెండువందల యాభై. పిల్లోడి కాగితంలో చుక్క చుక్కగానే ఉండిపోయి, షాఫ్టు పొడవు ఒకటింబావు మిల్లీమీటరయింది! ఏ ఫోనూ దానికి సిగ్గుపడదు.

ఫోను వాడుకోండయ్యా, వద్దనను. ఆ కాగితం మిషను మీదికి పోకముందు ఒక్కసారి టర్నరుకి చూపించండి.