లాబీ నిండా బుద్ధుడే, చదివేవాడే లేడు

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఏ ఆఫీసులో అడుగుపెట్టినా బుద్ధుడి తల ఒకటి ఎదురొస్తుంది. వెనక దీపం, కింద పారే నీళ్లు. వారానికోసారి మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు కూడానట. పిల్లల మనసు కుదుటపడితే సంతోషమే. కానీ మా అపార్ట్‌మెంట్‌లో అలాంటి క్లాసు చెప్పడానికి వచ్చిన కుర్రాణ్ణి, "మన తెలుగు నేల మీది బౌద్ధం గురించి ఏం చదివావు నాయనా?" అని అడిగితే థాయ్‌లాండ్ వెళ్లొచ్చానన్నాడు. నాకు కడుపు మండింది.

మా రోజుల్లో చరిత్ర చదివేవాళ్లకు బి.ఎస్.ఎల్. హనుమంతరావు గారి పేరు తెలియకపోవడమనేది లేదు. 1973లో గుంటూరు నుంచి వెలువడిన ఆయన 'రెలిజియన్ ఇన్ ఆంధ్ర' కోసం లైబ్రరీలో వంతులు వేసుకునేవాళ్లం. ప్రాచీన కాలం నుంచి 1325 దాకా ఆంధ్రదేశంలో మతాలు నడిచిన దారంతా అందులో ఉంది. పేజీలకు పేజీలు చేత్తో ఎత్తి రాసుకున్నాం. ఇప్పుడాయన పేరు గ్రూప్స్ పరీక్షలకు కూర్చునేవాళ్ల నోట వినాలి. వాళ్లయినా ఆయన 'ఆంధ్రుల చరిత్ర'లో బిట్లు ఏరుకుని పక్కన పెట్టేస్తున్నారు.

1998 నవంబరులో వాజపేయి గారు వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అది ఊరందరికీ గుర్తుంది. అదే ఏడాది సికింద్రాబాద్‌లోని ఆనంద బుద్ధ విహార ట్రస్టు 'బుద్ధిస్ట్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ' అచ్చువేసింది. హనుమంతరావు గారు, ఎన్.ఎస్. రామచంద్రమూర్తి, బి. సుబ్రహ్మణ్యం, ఈమని శివనాగిరెడ్డి గార్లు కలిసి చేసిన పని అది. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

శాసనం చదవడమంటే ఫోనుతో ఫొటో కొట్టడం కాదు. బండ కడగాలి. తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. తడి ఆరీ ఆరకముందే సిరా అద్దాలి. ఆ తర్వాత బ్రాహ్మీ లిపితో, ప్రాకృతంతో కుస్తీ. ఒక్క అక్షరం విరిగిపోయి ఉంటే అక్కడే రోజులు గడిచిపోతాయి. అంత కష్టపడితే ఏం దొరికిందంటారా? అమరావతిలో పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చిన విధికుడు దొరికాడు. ఆయన చర్మకారుడు. నాగార్జునకొండలో సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిన బోధిశ్రీ అనే ఉపాసిక దొరికింది. రాజుల పేర్లు ఎలాగైనా బతుకుతాయి. వీళ్ల పేర్లు మాత్రం శాసనాలు చదివిన పండితుల వల్లే మనదాకా వచ్చాయి. నాకు ఆ పండితుల మీద ఇంత గౌరవం ఇందుకే.

మేమిప్పుడు ఉంటున్నది కొండాపూర్‌లో. నిజాం పురావస్తు శాఖ 1940ల్లో తవ్వకాలు జరిపిన కొండాపూర్ ఇది కాదు, అది సంగారెడ్డి వైపుది. అక్కడ బౌద్ధ కట్టడాల ఆనవాళ్లున్నాయి, మ్యూజియం ఉంది. వీకెండ్‌కి కార్లేసుకుని రిసార్టులకు పోయేవాళ్లలో ఒక్కరైనా అటు తిరగరు. అంత దూరం కూడా అక్కర్లేదు. చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద విష్ణుకుండి గోవిందవర్మ కాలం నాటి ప్రాకృత శాసనం ఉంది. గోవిందరాజ విహారం పేరు అందులో కనబడుతుంది. దాన్ని చదివి లోకానికి చెప్పినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు. ఈ మహానగరం కింద అయిదో శతాబ్దపు బౌద్ధం ఉందని మనకు తెలిసింది అలాగే.

హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, చైతన్యపురిలో దిగండి. పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లండి. కంపెనీల పెద్దలకు ఇంకో మనవి. మీ సీఎస్ఆర్ డబ్బులో కొంత తీసి పాళీ, ప్రాకృతం, బ్రాహ్మీ లిపి నేర్చుకునే నలుగురు పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వండి. హనుమంతరావు గారి పుస్తకాలు కొని మీ ఆఫీసు లైబ్రరీల్లో పెట్టించండి.