ఉత్తర్వు ఒకచోట, అమలు మరొకచోట

నోటిమాటకూ దస్త్రానికెక్కిన మాటకూ ఉన్న అంతరాన్ని సచివాలయాల కంటె నిష్ఠగా పాటిస్తున్న టెక్స్ట్ ఎడిటర్, అనగా ప్రోగ్రాములూ సాదా పాఠమూ రాసుకునే పనిముట్టు, ఏదని విచారిస్తే 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ లోకానికి అందించిన గ్నూ ఈమ్యాక్స్‌కు అగ్రతాంబూలం ఇవ్వక తప్పదు. ఫాంటు పెంచుకుని, మినుకుమినుకుమనే కర్సర్‌ను మాన్పించి, నిశ్చింతగా నిద్రపోయిన వినియోగదారుడు మర్నాడు ఎడిటర్ తెరిస్తే అక్షరాలు మళ్లీ చీమలంత అయి ఉంటాయి, కర్సర్ యథావిధిగా కన్నుగీటుతూ ఉంటుంది.

దీనిని యంత్రం మతిమరుపుగా భావించడం పొరపాటు. ఆప్షన్స్ మెనూలో పెట్టిన టిక్కు మౌఖిక ఆదేశం మాత్రమే కనుక సెషన్ వరకే, అంటే ఎడిటర్‌ను తెరిచింది మొదలు మూసేదాకా, చెల్లుతుంది. అదే మెనూలోని 'సేవ్ ఆప్షన్స్'ను విడిగా నొక్కినప్పుడే అది జీవోగా మారి ఇనిట్ ఫైలుకు, అంటే ఎడిటర్ నిద్రలేవగానే చదువుకునే ఆదేశపత్రానికి, ఎక్కుతుంది. సెట్టింగులను మార్చుకునే కస్టమైజ్ విభాగంలోనూ 'అప్లై' ఒక కౌంటరు, 'అప్లై అండ్ సేవ్' మరొక కౌంటరు.

జీవో వెలువడితే అమలైనట్టేనని నమ్మేవారికి అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. హోం ఫోల్డరులో 'డాట్ ఈమ్యాక్స్' అనే పాత ఫైలు ఒకటి మిగిలి ఉంటే, 'ఈమ్యాక్స్ డాట్ డి' ఫోల్డరులో ఎంత చక్కటి ఇనిట్ ఫైలు ఉన్నా ఎడిటర్ దాని మొహం చూడదు; ఈ రెండు చిరునామాలు చాలవన్నట్టు 2020లో వచ్చిన 27వ వెర్షన్ మూడోదాన్ని కూడా మంజూరు చేసింది. ఫైలు మధ్యలో ఒక్క కుండలీకరణం మూయడం మరిచితే, దాని తరువాతి ఆదేశాలన్నీ, సాధారణంగా చివరన ఉండే కస్టమైజ్ సెట్టింగులతో సహా, అమలుకు నోచుకోవు. ఆ తప్పు ఎక్కడుందో చెప్పించేందుకు 'డీబగ్ ఇనిట్' అనే ఐచ్ఛికం ఉన్నది గాని, అడగనిదే అది నోరు విప్పదు.

వీటన్నిటినీ మించినది 'కస్టమ్ ఫైల్' విధానం. సెట్టింగులను వేరే ఫైలులో రాయమంటే ఎడిటర్ పొల్లుపోకుండా రాసి ఉంచుతుంది, కాని ఆ ఫైలును చదవమని ఇనిట్ ఫైలులో మరొక వాక్యం లేకపోతే మర్నాడు దాని జోలికి పోదు. రాయించుకున్నది రాయడం వరకే ఆ గుమాస్తా విధి, చదవడం వేరొక సెక్షను పని.

అయినా ఒక్క విషయంలో ఈ ఎడిటర్‌ను మెచ్చుకోవాలి. ఇనిట్ ఫైలును చదవకుండా 'క్యూ' ఐచ్ఛికంతో దాన్ని ప్రారంభించి, ఆపై కస్టమైజ్‌లో సెట్టింగులు భద్రపరచమంటే, పాతవన్నీ చెరిగిపోతాయన్న కారణం చూపి ససేమిరా అంటుంది. చదవని ఫైలు మీద కలం పెట్టనని భీష్మించే గుమాస్తా ఏ కార్యాలయంలోనైనా ఒకడుంటే అతడి బదిలీ ఉత్తర్వు మాత్రం అదే రోజు వెలువడి, అదే రోజు అమలవుతుంది.