ఇంకా కోడి దగ్గరే!

సినిమా కొలువుల యాప్‌లో ఓ పల్నాటి యుద్ధం సినిమాకు నరసరావుపేట కుర్రాడొకడు పేరెక్కించాడు. 'ప్రాజెక్టు దశ: ప్రీ ప్రొడక్షన్' అంటూ పచ్చ చుక్క వెలిగింది. కోటప్పకొండ తిరనాళ్లకు ప్రభలు కట్టారు, విప్పారు, మళ్లీ కట్టారు. చుక్క మాత్రం కదల్లేదు. 'ఆగిపోయింది' అనే మీట కూడా ఉందట, నొక్కేవాడే లేడట! ఆగిన సినిమాను ఆగిందని ఒప్పుకునే నిర్మాత ఇంకా పుట్టాలి మరి.

పల్నాటి యుద్ధానికే ఓ వరస ఉంది: కోడిపందెం, వలస, అలరాజు రాయబారం, చివరికి కారంపూడి. ఆ కథను సినిమాగా మొదలెట్టిన గూడవల్లి రామబ్రహ్మం 1946లో కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు, 1947లో విడుదలైంది. దర్శకుడు పోయినా బొమ్మ పడింది! ఇక్కడ దర్శకుడు నిక్షేపంగా ఉన్నాడు, నెలకో ఆఫీసు పూజ ఫొటో పెడుతున్నాడు. ప్రాజెక్టు ఇంకా కోడి దగ్గరే ఉంది. ఆ కోడినీ ఎప్పుడో కోసుకు తినేశారని ఓ గుసగుస.

మొన్న కుర్రాడికి మెసేజీ వచ్చింది: 'బాలచంద్రుడి వేషానికి మీ పేరు పరిశీలన దశలో ఉంది.' ఈలోగా పెళ్లయి, బట్టతల మొదలైన మనవాడు మర్యాదగానే జవాబిచ్చాడు: "అయ్యా, మా బుడ్డోడు ఈ ఏడే బడిలో చేరాడు. వాడి ఫొటో పంపమంటారా?"