‘ఇల్లు అమ్మబడును’: సటీకా తాత్పర్యము

మూలము: ఇల్లు అమ్మబడును. తూర్పు ముఖము. నూరు శాతం వాస్తు. క్లియర్ టైటిల్. రేటు ముఖాముఖి. మధ్యవర్తులు క్షమించాలి.

అవతారిక: గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలో, నరసరావుపేటలో, చిలకలూరిపేటలో, ఒంగోలులో గేటుకు తీగతో కట్టిన రేకు మీద వెలసే ఈ మహావాక్యానికి ఇంతవరకు వ్యాఖ్య లేకపోవడం మన వాఙ్మయానికి పెద్ద లోటు. వావిళ్లవారు శతకాలకు సైతం టీకాతాత్పర్యాలు అచ్చువేశారు. ఒక కుటుంబం జన్మంతా కూడబెట్టింది చేతులు మారే ఈ ఆరు వాక్యాలను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి వ్రతం పట్టాడు. నాకా వ్రతం పనికిరాదు. ఈ కావ్యంలో అసలు సంగతంతా మూలంలో లేనిదే.

ఇల్లు: సుగమము. తూర్పు ముఖము: సూర్యుడే సాక్షి. వదిలేస్తున్నాను.

అమ్మబడును: కర్మణి ప్రయోగం. నోటితో ఏ తెలుగువాడూ ఇలా అనడు, బోర్డు రాయించేటప్పుడే అంటాడు. ఇందులో కర్త కనబడనక్కర్లేదు మరి. అమ్మేదెవరు? రేకు రాయించింది అన్నయ్య. ఇల్లు నాన్న పేరున ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ లేరు, వీలునామా లేదు. నాన్న స్వార్జితమైతే కూతుళ్లకు 1956 నుంచే కొడుకులతో సమంగా వాటా. పిత్రార్జితమైతే ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి హక్కిచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. 2005లో కేంద్ర చట్టం ఆ గీత చెరిపేసింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు మిగిలిన సందేహం తీర్చింది. ఇంత జరిగినా, లోపించిన కర్తల్లో ఒకామె తెనాలిలో, ఒకామె డల్లాస్‌లో ఉన్న సంగతి అన్నయ్యకు బయానా తీసుకున్నాకే గుర్తొస్తుంది. ‘ఒక్క సంతకమేగా చెల్లెమ్మా’ అంటాడు. ఒక్క సంతకమే అయితే బేరానికి ముందే అడగొచ్చుగా? డల్లాస్ చెల్లెలు కాన్సులేటుకు వెళ్లి పవరాఫ్ అటార్నీ పంపేలోగా అగ్రిమెంటు గడువు దాటుతుంది. కొనేవాడు బయానా వెనక్కిమ్మని లాయరు నోటీసు పంపుతాడు.

నూరు శాతం వాస్తు: అతిశయోక్తి. ఈశాన్యం పెరిగిందో తగ్గిందో కొలిచే టేపు పడమటి గది దాకా రాదు. అక్కడ కిటికీ మూలలో పుట్టిన పగులు మెట్లుమెట్లుగా ఎక్కి స్లాబును తాకింది. పుట్టీ పెట్టించారు, రంగు వేయించారు. పాత రంగు మీద కొత్తది పట్టీ వేసినట్టు కనబడుతుంటే, కోల్డ్ స్టోరేజీ వాళ్లు పంచిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు దాని మీద తగిలించారు. నిజానికి ఇందులో దిక్కుల తప్పేమీ లేదు. పత్తికీ మిరపకూ ప్రాణమైన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు విడుస్తుంది. పైపైన వేసిన పునాది దాంతోపాటే లేచి దిగుతుంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటుంది. దాచడాన్ని మోసమనే అంటుంది. టిక్కీ మూతిన ఎర్రకాయ పరిచి అడుగున తాలు నింపితే మిర్చి యార్డులో ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఒకరు చెప్పనక్కర్లేదు. తాలుకే కాదు, మొత్తం సరుకుకే రేటు కోస్తారు. క్యాలెండరు ఎత్తి చూసినవాడూ అంతే.

క్లియర్ టైటిల్: ఇక్కడ పాఠకులు నన్ను కాసేపు వదిలేయాలి. తూర్పు చాళుక్యుల రాగిరేకులు చూడండి. వంశం పొగడ్తంతా సంస్కృతంలో నడుస్తుంది. పొలం గట్ల దగ్గరికి వచ్చేసరికి తెలుగు దిగుతుంది. ఫలానా దిక్కున పుట్ట, ఫలానా దిక్కున చెట్టు, చెరువు, పక్క ఊరి పొలిమేర. పొగడ్త ఏ భాషలో ఉన్నా చెల్లిపోతుంది గానీ గట్టు తగాదా ఊరివాళ్ల మాటలోనే తెగాలి. చివర శాపం: ఇచ్చిన నేల కాజేసినవాడు 60 వేల ఏళ్లు మలంలో పురుగై పడి ఉంటాడు. మన అద్దంకిలో దొరికిన క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం ఇంకా ముచ్చటైనది. యుద్ధవిజయాలు తరువోజలో చెప్పి, నేల దానం దగ్గర ఛందస్సు దింపేసి వచనంలోకి వచ్చింది. వీరుణ్ని పద్యంలో పొగడొచ్చు, భూమిని మాత్రం పద్యంలో రాసివ్వకూడదని ఆ లేఖకుడికి తెలుసు. ఆహా, ఏమి ఔచిత్యం!

అన్నట్టు, బోర్డు. ఇప్పటి దస్తావేజులో తూర్పు హద్దు ఎప్పుడో పోయిన పెద్దమనిషి పెంకుటిల్లు, అక్కడిప్పుడు అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. కాగితంలో 200 గజాలు, టేపుకు 187. ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో. ఈసీ తీస్తే అన్నయ్య మరిచిపోయిన తనఖా అందులో కూర్చుని ఉంది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీ ఇప్పుడు ఆన్‌లైన్లోనే దొరుకుతోంది. బోర్డు రాయించేముందు అదొక్కటి చూసుకోవడానికి బద్ధకమేమిటి?

రేటు ముఖాముఖి: ముఖాలు చూసుకుంటే రేటు పుడుతుందని వాచ్యార్థం. అది ఎప్పుడో పుట్టింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగిన నాడు ఎదురింటి బావగారు టీ తాగుతూ అన్న అంకె అది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినా దిగలేదు. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యేసరికి చక్రవడ్డీ కలుపుకుంది. అదే వీధిలో నిరుడు ఇళ్లు ఏ రేటుకు పోయాయో మాత్రం ఎవరూ కనుక్కోరు. ‘మీరే చెప్పండి’ అంటారు. చెబితే ‘నాన్న కట్టిన ఇల్లండీ’ అని గొంతు పూడుతుంది. నాన్న మీద ప్రేమకు గజానికింతని ఎవరు కడతారు? ఇక బయానా నోట్ల కట్టల్లోనే కావాలి. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానా పడొచ్చని ఆడిటరు చెబుతూనే ఉంటాడు.

మధ్యవర్తులు క్షమించాలి: ఈ వాక్యం కింద పది అంకెలున్నాయి. ఫోన్ చేశాను. ఎత్తింది మధ్యవర్తే. ఇటు కమిషను, అటు కమిషను. క్షమించమన్నది తోటి మధ్యవర్తులనని అన్వయించుకోవాలి.

తాత్పర్యానికి పనికొచ్చే పాఠాంతరం: ‘ఇల్లు మేం ముగ్గురం అమ్ముతున్నాం. ముగ్గురి సంతకాలూ సిద్ధం. కాగితంలో 200 గజాలు, కొలతకు 187. బ్యాంకు బాకీ తీరింది. పడమటి గోడ పగిలింది, వచ్చి చూడండి. రేటు ఇంత. డబ్బు బ్యాంకులోనే.’ ఈ పాఠం ఇంతవరకు ఏ ప్రతిలోనూ దొరకలేదు.