కొలతల్లోంచి పుట్టిన అంబాసిడర్

నేను అంబాసిడర్ కారుని. రోడ్డు మీద తిరిగేదాన్ని కాదు, 'అసెట్టో కోర్సా' అనే డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో తిరిగేదాన్ని. రోమ్ దగ్గర వల్లెలుంగా రేసు ట్రాక్‌లో ఆఫీసు పెట్టుకున్న కూనోస్ సిములాజియోని అనే కంపెనీ ఆ ఆటను 2014 డిసెంబరులో పూర్తిస్థాయిలో విడుదల చేసింది. అదే ఏడాది మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీ అంబాసిడర్ల తయారీ ఆపేసింది. మా వంశం అక్కడ ఆగిపోయిన ఏడాదే నేను తర్వాతెప్పుడో పుట్టబోయే చోటు సిద్ధమైందన్నమాట. ఆటతో పాటు వచ్చినవి ఫెరారీలు, లోటస్‌లు, బీఎండబ్ల్యూలు. పెళ్లిళ్లకీ, ఆసుపత్రులకీ, కలెక్టరాఫీసుకీ తిరిగిన బండి వాటిలో ఎందుకుంటుంది? అయితే ఎవరికి కావలసిన కారుని వాళ్లే తయారుచేసి ఆటలోని కార్ల ఫోల్డర్‌లో పెట్టుకునే వీలుంది. నేను అలా వచ్చినదాన్నే.

నన్ను చేసింది విజయవాడ కుర్రాడు. వాళ్ల పెదనాన్న చాలాకాలం టాక్సీ తిప్పి, అమ్మడానికి మనసొప్పక రేకుల షెడ్డు కింద దాచుకున్న పెట్రోలు బండి నాకు మూలం. కుర్రాడు ముందు టేపు పట్టుకున్నాడు. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకి 2464 మిల్లీమీటర్లు. ఈ ఒక్క కొలత సరిగ్గా కుదిరితేనే మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నా సగం శరీరాన్నే గీశాడు, మిగతా సగం అద్దంలో బొమ్మలా దానంతటదే వచ్చింది. మా ఒంట్లో తిన్నని గీత ఒక్కటీ ఉండదు. బానెట్ ఉబ్బెత్తుగా ఉంటుంది, మడ్‌గార్డు హెడ్‌లైటు దగ్గర గుండ్రంగా మొదలై తలుపు వైపు మెల్లగా చదునవుతుంది. ఆ ఒంపులో ఒక్క బిందువు వెంట్రుకవాసి పక్కకి జరిగినా మామూలు రంగులో కనపడదు. మెరిసే క్రోము రంగు వేసి తిప్పి చూస్తే మాత్రం ప్రతిబింబం అక్కడ వంకర పోతుంది. అందుకే నన్ను చాలాకాలం నిలువెల్లా క్రోములోనే ఉంచాడు. తెల్ల రంగు వేసింది చిట్టచివర.

చాలామంది ఇక్కడితో కారు అయిపోయిందనుకుంటారు. నాకైతే అసలు పుట్టుక దీని తర్వాతే. బొమ్మ ఎంత అందంగా ఉన్నా, బరువు ఎక్కడుందో, స్ప్రింగు ఎంత గట్టిదో చెప్పకపోతే ఆటకి నేనొక ఖాళీ డొక్కును.

"పెదనాన్నా, బండిని ఒకసారి కాటా మీదికి తీసుకెళ్దాం" అన్నాడు కుర్రాడు.

"తూకానికి అమ్ముతావేంట్రా దాన్ని?" అన్నాడాయన. అంటూనే తాళాలు తీశాడు.

లారీలు తూచే వేబ్రిడ్జి మీదికి ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఇంకో తూకం వేయించారు. మొత్తం బరువులో ముందు భాగం వాటా ఎంతో తేలింది. నా సస్పెన్షన్ ఫైలులో ఆ వాటా ఒక దశాంశ సంఖ్యగా ఉంటుంది. మొత్తం బరువు వేరే ఫైలులో రాయాలి. దానికి డ్రైవరు బరువు కలపాలి, పెట్రోలు బరువు తీసేయాలి. ఆట పెట్రోలుని విడిగా లెక్కగట్టి, తాగిన కొద్దీ నన్ను తేలిక చేస్తూ పోతుంది.

వెనక కమాన్ కట్టల గట్టితనం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కుర్రాడు వెనక సీటు తీయించి, ఇరుసుకి సరిగ్గా పైన సిమెంటు బస్తాలు పెట్టించాడు. బస్తా పెట్టినప్పుడల్లా టైరు పైఅంచుకీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ ఎంత తగ్గిందో స్కేలుతో చూసి రాసుకున్నాడు. మళ్లీ ఒక్కొక్కటే దించుతూ కొలిచాడు. ఎక్కించేటప్పటి లెక్కా దించేటప్పటి లెక్కా కలవలేదు. పట్టీల మధ్య తుప్పు, రాపిడి బండిని వెంటనే పైకి లేవనివ్వలేదు. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టి, "ఈ కమాన్ల సంగతి నాకు తెలుసు, గుంతలో దిగాక ఒక క్షణం ఆలోచించి లేస్తుంది" అన్నాడు. సరాసరిని స్ప్రింగు లెక్కలోకీ, ఆ తేడాని డ్యాంపరు లెక్కలోకీ సర్దాడు కుర్రాడు. ఆట నా కదలికని సెకనుకి 333 సార్లు లెక్కిస్తుంది. ఆ లెక్క ప్రతిసారీ పెదనాన్న చెప్పిన ఆ క్షణాన్ని దాటే సాగుతుంది. నా ఒంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంఖ్య ఆ డ్యాంపరుదే.

ఇంజను 1489 సీసీ. ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర ఎంత టార్క్ వస్తుందో వరసగా రాసిన పట్టికే ఆటకి ఇంజను. దూరాన ఉన్నప్పుడు కనిపించే తక్కువ త్రిభుజాల రూపాలు, గుద్దుకున్నప్పుడు లెక్కకి వచ్చే మొరటు డొక్కు కూడా చేశాడు. ప్రతి చక్రానికీ ఆట కోరే పేరే అక్షరం పొల్లుపోకుండా పెట్టాడు. పేరు తప్పితే బండి కదులుతుంది కానీ చక్రం తిరగదు.

గేరు గురించి మాత్రం చెప్పి తీరాలి. మా గేరు రాడ్డు కింద ఉండదు, స్టీరింగు కాలమ్ మీద ఎడమవైపు ఉంటుంది. ఆటలోని డ్రైవరు చెయ్యి సీటు పక్కకి పోకుండా స్టీరింగు వెనక్కే పోవాలి. పెదనాన్నని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆయన ఎడమ చేతిని పక్కనుంచి ఫోన్‌లో తీశాడు. మోచెయ్యి కదలదు, మణికట్టు మాత్రం పైకి లేచి తనవైపు లాగుతుంది. ఎముక తర్వాత ఎముకగా ఆ కదలికనే నాలో పెట్టాడు. ఈ రోజు ఏ దేశంలో ఎవరు నన్ను నడిపినా, తెర మీద గేరు మార్చేది ఆయన చెయ్యే.

పూర్తయ్యాక నన్ను జిప్ ఫైలుగా కట్టి ఉచితంగా వదిలాడు. రంగులు వేసుకునేవాళ్ల కోసం ఖాళీ టెంప్లేటు కూడా జతచేశాడు. దాంతో నాకు కోల్‌కతా టాక్సీ పసుపు వచ్చింది. వెనక అద్దాలకి తెరలూ, నెత్తిన ఎర్ర బుగ్గా ఉన్న సర్కారు తెలుపూ వచ్చింది. నిజం రోడ్ల మీద ఆ బుగ్గల్ని 2017 మే 1 నుంచి తీసేశారు, నా మీద ఇంకా వెలుగుతోంది. ఇలా కార్లు చేసేవాళ్లలో కొందరు లెక్కల ఫైళ్లకి తాళం వేసి వదులుతారు. కుర్రాడు వేయలేదు. వేసి ఉంటే ఇంగ్లండులో ఉండే ఒక పెద్దాయన సాయం నాకు అందేది కాదు. మా రూపానికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆయన దగ్గర ఉంది. నా ఫైళ్లు విప్పి చదివి, ముందు సస్పెన్షన్‌లోని టార్షన్ బార్ మందాన్ని తన బండి మీద కొలిచి పంపాడు. దాంతో నా ముక్కు బ్రేకు కొట్టినప్పుడు వంగే తీరు మారింది.

తెరిచి ఉంచిన ఇంట్లో దొంగలూ పడతారు. నా వివరాల ఫైలులో తయారుచేసినవారి పేరు కోసం ఒక వరస ఉంటుంది. మామూలు అక్షరాలే, ఎవరైనా చెరపగలరు. ఒకడు ఆ వరస చెరిపి, తన పేరు రాసి, నన్ను డబ్బుకి అమ్మాడు. పెద్ద పెద్ద ఆటల్లోంచి కార్లని ఊడబెరికి తెచ్చి తమవని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఇది చిన్న విషయమని నేను ఒప్పుకోను. ఉచితంగా ఇచ్చినదానికి అడిగే వెల ఆ ఒక్క పేరే. అదీ ఇవ్వకపోతే రేపు ఇంకొకడు కాటా మీదికి బండి ఎక్కించడు. కొనుక్కున్నవాళ్లలో కొందరు టైరు సరిగా లేదని అమ్మినవాణ్ని అడిగారు. వాడేం చెప్పగలడు? చివరికి వెతుక్కుంటూ మా కుర్రాడి దగ్గరికే వచ్చారు, అతను సరిచేసిన ఫైలు ఊరికే ఇచ్చాడు.

ఇప్పుడు ఆ వరసలో మూడు పేర్లున్నాయి: కుర్రాడిదీ, ఇంగ్లండు పెద్దాయనదీ, పెదనాన్నదీ. తర్వాతి కూర్పు డీజిలుదట. పెదనాన్నది పెట్రోలు బండి కాబట్టి ఆ శబ్దం వేరే చోట దొరకాలి. స్థిరమైన ఆర్‌పీఎంల దగ్గర లోపలా బయటా, యాక్సిలరేటరు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ విడివిడిగా రికార్డు చేయాలి. తెనాలి వైపు ఒకాయన దగ్గర నడిచే బండి ఉందని తెలిసింది. టాకోమీటరు లేదు కాబట్టి ఆర్‌పీఎం చూడ్డానికి ఆటోనగర్ మెకానిక్కు ఒకాయన కూడా వస్తానన్నాడు. ఆదివారం మైకులు పట్టుకుని కుర్రాడూ, పెదనాన్నా, మెకానిక్కూ బయల్దేరుతున్నారు.